బైపాస్ రహదారి: తుష్నాబాద్ దారిలో ఒక పరిశీలన

ఊరి మధ్యగా పోతున్న ప్రధాన రహదారిని ఊరికి ఇవతలే మళ్లించి, పొలాల మీదుగానో కొండవాలు మీదుగానో తిప్పి, అవతల మళ్లీ అదే రహదారిలో కలిపే రోడ్డును బైపాస్ అంటారు. ఊళ్లో పనిలేని వాహనం ఊళ్లోకి రాకుండా చూడటం దీని పని. నిర్వచనం తేలికే. ఏ వాహనానికి ఊళ్లో పని ఉంది, దేనికి లేదు అని తేల్చడం దగ్గరే చిక్కంతా. ఆ లెక్క తేలకుండా గీసిన బైపాస్‌లు దేశంలో చాలానే ఉన్నాయి. కొన్ని ఖాళీగా పడి ఉంటే, కొన్ని పదేళ్లు తిరక్కుండానే ఊరి బజారులా మారిపోయాయి.

దక్షిణ అండమాన్ జిల్లా ఫెరార్‌గంజ్ తహసీలులోని తుష్నాబాద్ ప్రాంతం ఈ చిక్కును అర్థం చేసుకోవడానికి అనువైన చోటు. శ్రీవిజయపురం (2024 సెప్టెంబరు దాకా దీని పేరు పోర్ట్ బ్లెయిర్) నుంచి బయలుదేరిన అండమాన్ ట్రంక్ రోడ్డు ప్రొత్రాపూర్, గరాచర్మా, సిప్పీఘాట్, చౌల్దారీ దాటి, తుష్నాబాద్, ఫెరార్‌గంజ్ గుండా జిర్కాటాంగ్ గేటుకు చేరుతుంది. ఉత్తరానికి పోయే రోడ్డు ఇదొక్కటే. పక్కన ఇంకో దారి లేని రోడ్డు మీద ఊళ్లు ఉన్నప్పుడు బైపాస్ ఆలోచన ఎలా సాగాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఈ వ్యాసంలో ప్రధానంగా చూస్తాం. పోలిక కోసం కోస్తా ఆంధ్రలోని జాతీయ రహదారిని పక్కన పెట్టుకుంటాం.

రోడ్డు, దాని ఊళ్లు

ట్రంక్ రోడ్డు పని 1970వ దశకంలో మొదలైంది. దక్షిణ, మధ్య, ఉత్తర అండమాన్ దీవులను కలుపుతూ రంగత్, మాయాబందర్ మీదుగా డిగ్లీపూర్ దాకా, మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. మొదట దీన్ని జాతీయ రహదారి 223 అనేవారు. 2010లో దేశవ్యాప్తంగా రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు 4వ నంబరు దీనికి దక్కింది. అంతకుముందు ఆ నంబరు ముంబయి నుంచి బెంగళూరు, పలమనేరు, చిత్తూరు మీదుగా చెన్నై పోయే రహదారిది. చిత్తూరు జిల్లాలో పాతతరం వాళ్లు ఇప్పటికీ ఆ రోడ్డును ‘ఎన్‌హెచ్ ఫోర్’ అనే అంటారు. ఆ నంబరు సముద్రం దాటి వెళ్లిందని చాలామందికి తెలియదు.

దారిలో మూడు జలసంధులు అడ్డం వస్తాయి. మధ్య, ఉత్తర అండమాన్‌ల నడుమ ఆస్టిన్ క్రీక్ మీద చెంగప్ప వంతెన 2002లో వచ్చింది. బారాటాంగ్‌కు, మధ్య అండమాన్‌కు నడుమ ఉన్న హంఫ్రీ జలసంధి మీద దాదాపు కిలోమీటరున్నర పొడవైన ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు ఇటీవల తయారైంది. దక్షిణాన మిడిల్ స్ట్రెయిట్ దగ్గర వాహనాలను బార్జిల మీద ఎక్కించి దాటించడమే అలవాటు. అక్కడ కూడా వంతెన పని చేపట్టారు. విస్తరణ పనులను జాతీయ రహదారుల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ (ఎన్‌హెచ్‌ఐడీసీఎల్) చూస్తోంది. స్థానిక రోడ్లు అండమాన్ ప్రజాపనుల శాఖవి.

2011 జనాభా లెక్కల్లో దీవుల మొత్తం జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు దాదాపు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకారుల కుటుంబాలు రాజధానిలోని జంగ్లీఘాట్ లాంటి చోట్ల స్థిరపడ్డాయి. వీళ్లలో చాలామందికి రెండు రహదారుల అనుభవం ఉంది: ఇక్కడ రెండు వరుసల ట్రంక్ రోడ్డు, సెలవులకు ఓడ దిగాక విశాఖలో ఆరు వరుసల 16వ నంబరు. ఈ రెండింటికీ ఒకే కొలత పెట్టలేం. ఎందుకో రద్దీ స్వభావం చూస్తే తెలుస్తుంది.

గేటు తెరిచే వేళలు

జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా సుమారు 49 కిలోమీటర్లు రోడ్డు జారవా ఆదిమజాతి రిజర్వు గుండా పోతుంది. అక్కడ ఇష్టం వచ్చిన వేళ వెళ్లనివ్వరు. రోజులో నిర్ణీత సమయాల్లో వాహనాలన్నిటినీ వరుస కట్టించి, పోలీసు కాపలాతో కాన్వాయ్‌గా వదులుతారు. మొదటి కాన్వాయ్ పొద్దున ఆరింటికి. బారాటాంగ్ సున్నపురాతి గుహలు, బురద అగ్నిపర్వతం చూసి ఒక్కరోజులో తిరిగి రావాలనుకునే పర్యాటకులు ఆ మొదటి వరుసలో చోటు కోసం తెల్లవారుజామున మూడు, నాలుగింటికే రాజధానిలో బయలుదేరతారు. వాళ్ల వ్యాన్లు, ఉత్తరానికి పోయే బస్సులు, సరుకు లారీలు చీకట్లోనే ఫెరార్‌గంజ్ వైపు ఊళ్లన్నిటినీ దాటేస్తాయి. గేటు మూసి ఉన్న వేళ రోడ్డు దాదాపు స్థానికులదే: స్కూటర్లు, ఆటోలు, బడి బస్సులు, రాజధానికి ఉద్యోగాలకు పోయి వచ్చేవాళ్లు.

అంటే ఈ రోడ్డు మీద రెండు రకాల రద్దీ ఉంది, రెండూ ఒకే వేళ రావు. దూరం పోయేవాళ్లు గేటు గంట కొట్టే వేళకు గుంపుగా వస్తారు. దగ్గర తిరిగేవాళ్లు బడి, ఆఫీసు వేళల్లో వస్తారు. బైపాస్ మొదటి రకానికే పనికొస్తుంది. తొమ్మిదిన్నరకు గరాచర్మా బజారులో ఇరుక్కుపోయిన మనిషికి, తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లిపోయిన టూరిస్టు వ్యానును ఊరి వెలుపలికి మళ్లించామని చెబితే ఏం ప్రయోజనం? రోజు మొత్తానికి వాహనాలు లెక్కపెట్టి సగటు తీస్తే ఈ తేడా కనబడకుండా పోతుంది. గంట గంటకూ విడివిడిగా లెక్కపెట్టాలి.

ఇంకో సంగతి. ట్రంక్ రోడ్డు మీద దూరప్రయాణపు రద్దీని రోడ్డు వెడల్పు నిర్ణయించడం లేదు. జిర్కాటాంగ్ గేటు, మిడిల్ స్ట్రెయిట్ బార్జి నిర్ణయిస్తున్నాయి. ఒక విడతకు బార్జి ఎన్ని బండ్లను మోయగలదో అన్నే దాటతాయి. చెరువు తూముకు పలక దించి పెట్టినంత కాలం కింది కాలువ ఎంత వెడల్పుగా ఉన్నా పారే నీళ్లు అంతే. పలక ఎత్తిన రోజున కాలువ గట్టు మీద ఎవరు ఇల్లు కట్టుకున్నారో తెలుస్తుంది. ఈ దీవుల్లో బైపాస్ ప్రణాళిక ఇవాళ్టి లెక్కల మీద మాత్రమే ఆధారపడకూడదనడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

లెక్కపెట్టడం

మన దేశంలో రోడ్ల కొలతలన్నీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రమాణాల ప్రకారం నడుస్తాయి. 1927లో ఏర్పడిన జయకర్ కమిటీ సిఫారసుల ఫలితంగా 1934లో పుట్టిన సంస్థ ఇది. ఊళ్లకు బైపాస్‌లు ఆలోచించేటప్పుడు ఎలాంటి ట్రాఫిక్ అధ్యయనాలు చేయాలో చెప్పడానికి ప్రత్యేకంగా 1988లో ఐఆర్‌సీ:102 అనే మార్గదర్శిని వచ్చింది. సన్నని పుస్తకం. దాన్ని చదివి మొదలుపెట్టిన ప్రాజెక్టులకు, ముందు గీత గీసి తర్వాత దానికి తగ్గ లెక్కలు చూపించిన ప్రాజెక్టులకు తేడా పదేళ్ల తర్వాత కంటికి కనిపిస్తుంది.

మొదటి పని వాహన గణన. రోడ్డు పక్కన టెంటు వేసుకుని, వారం రోజులు, రాత్రింబవళ్లు, రకాలవారీగా గీతలు గీస్తారు. తర్వాత అన్ని రకాలనూ ఒకే కొలమానంలోకి మారుస్తారు. దాన్ని పీసీయూ అంటారు. కారును 1 అనుకుంటే, ఐఆర్‌సీ పట్టిక ప్రకారం స్కూటరు 0.5, ఆటో 1, బస్సు లేదా లారీ 3, ట్రాక్టరు ట్రాలీ 4.5, ఎద్దులబండి 8. వేగం తక్కువగా ఉండి దారి ఎక్కువ ఆక్రమించే బండికి విలువ ఎక్కువ. ఒక ఊరి మీదుగా గంటలో 80 స్కూటర్లు, 60 కార్లు, 20 బస్సులు, లారీలు పోయాయనుకుందాం. బండ్లు 160. పీసీయూలు 40, 60, 60 కలిపి మళ్లీ 160. అందులో లారీలు, బస్సులు లెక్కకు ఎనిమిదో వంతే. భారం మాత్రం మూడో వంతుకు మించింది. ఆ 20లో ఊళ్లో ఆగేవి ఎన్నో తెలిస్తే బైపాస్ అవసరం సగం తేలినట్టే.

రోడ్డు ఎంత మోయగలదన్నది ఐఆర్‌సీ:64 చెబుతుంది. ఏడు మీటర్ల వెడల్పున్న రెండు వరుసల రోడ్డు మైదానంలో రోజుకు 15,000 పీసీయూల దాకా సాఫీగా నడుస్తుంది. ఎత్తుపల్లాల నేలలో 11,000, కొండ ప్రాంతంలో 7,000కు పడిపోతుంది. ఒంటి వరుస రోడ్డుకు మైదానంలో 2,000 మాత్రమే. దక్షిణ అండమాన్ నేల మైదానం కాదు; గుట్టలు, మధ్యలో సన్నని లోయలు. ఏలూరు దగ్గర సరిపోయిన వెడల్పు ఫెరార్‌గంజ్ మలుపుల్లో సగం పనే చేస్తుంది.

రెండో పని మొదటిదానికంటే కష్టం. ఊరికి రెండు వైపులా వాహనాలను ఆపి ‘ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏం పని మీద’ అని అడగాలి. డ్రైవర్లు చిరాకు పడతారు, పోలీసులు తోడుండాలి. ఆపడం కుదరకపోతే ఒక కొసన నంబరు ప్లేట్ల చివరి నాలుగు అంకెలు రాసుకుని, రెండో కొసన రాసినవాటితో సరిచూస్తారు. పది నిమిషాల్లో అటు తేలిన బండి ఊరు దాటిపోయినట్టు, తేలనిది ఊళ్లో ఆగినట్టు. ఇప్పుడు కెమెరాలతో ఈ పని తేలికైంది.

సాధారణంగా ఊరు ఎంత చిన్నదైతే దాని మీదుగా పోయే బండ్లలో దాటిపోయేవాటి వాటా అంత ఎక్కువ. పెద్ద పట్నానికి వచ్చే బండ్లలో చాలావాటికి ఆ పట్నంలోనే పని. అందువల్ల ఎక్కువ ఉపశమనం చిన్న ఊళ్లకే కలగాలి. తుష్నాబాద్ పరిసరాలు ఈ సూత్రానికి పూర్తిగా లొంగవు. ఊరు చిన్నదే. కానీ దీవుల రాజధాని, ఆసుపత్రి, కాలేజీ, ఓడరేవు అన్నీ రోడ్డుకు ఒకే కొసన ఉన్నాయి. స్థానిక బండి కూడా పొద్దున ఆ వైపే పోయి సాయంత్రం ఆ వైపు నుంచే వస్తుంది. తుష్నాబాద్ వాడు గరాచర్మాకు దాటిపోయే వాహనదారుడు, తన ఊళ్లో మాత్రం స్థానికుడు. ఒక్కో ఊరికి విడిగా సర్వే చేస్తే ఈ మనిషి రెండుసార్లు రెండు పేర్లతో లెక్కలోకి వస్తాడు. మొత్తం దారికి కలిపి ఒకే సర్వే చేయడం మేలు.

సంవత్సరంలో అతి రద్దీ గంటకు సరిపడేలా రోడ్డు కడితే మిగతా కాలమంతా ఖాళీగా ఉంటుంది. అందుకని ఏడాదిలోని గంటలన్నిటినీ రద్దీ ప్రకారం పేర్చి, ముప్పయ్యో స్థానంలో ఉన్న గంటను ప్రమాణంగా తీసుకోవడం ఇంజినీర్ల ఆనవాయితీ. భవిష్యత్తు పెరుగుదలకు, వేరే ఆధారం లేకపోతే, ఏటా 5 శాతం వేసుకుంటారు. ఆ లెక్కన 14, 15 ఏళ్లకు రద్దీ రెట్టింపవుతుంది.

బైపాస్ కంటే ముందు చేయాల్సినవి

చాలా ఊళ్లలో రద్దీకి కారణం రోడ్డు సన్నగా ఉండటం కాదు, ఉన్న రోడ్డు వాడుకలో లేకపోవడం. ఏడు మీటర్ల రోడ్డులో ఒక వరుస ఆగిన బండ్లకు, తోపుడు బండ్లకు పోతే మిగిలేది మూడున్నర. బస్సు ఆగడానికి పక్కకు జరిగే చోటు లేక నడిరోడ్డు మీదే ఆగితే వెనక పది బండ్లు ఆగుతాయి. బస్ బే కట్టడం, సంత రోజున బండ్లు నిలపడానికి వేరే స్థలం చూపించడం, జంక్షన్ మూల కోసి మలుపు వెడల్పు చేయడం, మురుగు కాలువ మీద పలకలు వేసి నడిచేవాళ్లకు దారి ఇవ్వడం: ఇవి పంచాయతీ, ప్రజాపనుల శాఖ, పోలీసులు కలిసి ఒక ఏడాదిలో చేయగల పనులు. వీటికి శంకుస్థాపన ఫలకాలు ఉండవు. రాజకీయంగా అంత ఆకర్షణా ఉండదు. అందుకే బైపాస్ డిమాండు ముందు వినిపిస్తుంది.

సిప్పీఘాట్ దగ్గర ఇంకో రకం అడ్డంకి వచ్చింది. 2004 డిసెంబరు 26 భూకంపంతో దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు మేర కుంగింది. సునామీ వెనక్కి పోయినా, ఆ తర్వాత ప్రతి పోటుకూ సముద్రపు నీళ్లు సిప్పీఘాట్ పొలాల్లోకి, రోడ్డు మీదికి రావడం మొదలైంది. అక్కడ అవసరమైంది రోడ్డు ఎత్తు పెంచడం. దీవులన్నీ భూకంప తీవ్రత ఎక్కువగా ఉన్న ఐదో మండలంలో ఉన్నాయి. ఏ కొత్త దారి గీసినా లోతట్టు తీర భూమిని నమ్ముకోకూడదని ఆ అనుభవం చెప్పింది.

గీత ఎక్కడ

ఊరికి మరీ దగ్గరగా గీస్తే ఊరే వచ్చి కలుస్తుంది. మరీ దూరంగా గీస్తే చుట్టు ఎక్కువై డ్రైవర్లు పాత దారినే పట్టుకుంటారు. సరైన దూరానికి సూత్రం లేదు. ఊరు ఎటు పెరుగుతోందో చూసి, ఆ వైపు కాకుండా రెండో వైపు గీయాలంటారు. కానీ రెండో వైపున చెరువో, కొండో, తడి భూమో ఉండబట్టే ఊరు ఇటు పెరుగుతూ ఉంటుంది.

కోస్తా ఆంధ్రలో మూడు ఉదాహరణలు చాలు. చెన్నై నుంచి కోల్‌కతా పోయే 16వ జాతీయ రహదారిని స్వర్ణ చతుర్భుజి పథకం కింద నాలుగు వరుసలు చేశాక కూడా చిలకలూరిపేటలో అది ఊరి నడుమగానే మిగిలింది. పత్తి లారీలు, గుంటూరు వైపు పోయే బస్సులు, ఊరి ఆటోలు అన్నీ అక్కడే చిక్కుపడేవి. చివరికి 16 కిలోమీటర్ల పైచిలుకు పొడవున ఆరు వరుసల బైపాస్ కట్టారు. ఒక చిన్న పట్నం కోసం అంత పొడవు ఎందుకని అడగొచ్చు. నలభై ఏళ్ల తర్వాతి చిలకలూరిపేటను దృష్టిలో పెట్టుకుంటే అది తక్కువే కావచ్చు.

విశాఖపట్నం కథ వేరు. గాజువాక, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా పోయే జాతీయ రహదారి ఒకప్పుడు నగరానికి అంచు. ఇప్పుడది నగరానికి నడి వీధి. ఒడిశా వైపు పోయే లారీ, సినిమాకు పోయే స్కూటరు ఒకే సిగ్నల్ దగ్గర ఆగేవి. అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా 50.8 కిలోమీటర్ల ఆరు వరుసల రోడ్డు వచ్చాకే దూరపు లారీలకు నగరం తప్పింది. ఈ కొత్త రోడ్డు పక్కన పెందుర్తి, సబ్బవరాలలో లేఅవుట్లు ఎంత వేగంగా లేస్తున్నాయో చూసినవాళ్లకు ఇది ఎంతకాలం బైపాస్‌గా ఉంటుందన్న అనుమానం రాక తప్పదు.

విజయవాడ పశ్చిమ బైపాస్ చిన్న అవుటపల్లి దగ్గర మొదలై గొల్లపూడి మీదుగా, కృష్ణ మీద మూడు కిలోమీటర్లకు మించిన వంతెన దాటి, గుంటూరు వైపు రహదారిలో కలుస్తుంది. మొత్తం 48 కిలోమీటర్లకు కాస్త తక్కువ. దీని ఆలోచనకు, పూర్తికావడానికి మధ్య గడిచిన కాలంలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒకదాని వెంట ఒకటి ఫ్లైఓవర్లు కట్టాల్సి వచ్చింది. బైపాస్ ఆలస్యమైతే ఖర్చు ఆగదు, వేరే చోట పుడుతుంది.

రోడ్డు వెంట దుకాణాలు తోరణం కట్టినట్టు పెరగడం కొత్త జబ్బు కాదు. లండన్ శివార్లలో కింగ్‌స్టన్ బైపాస్ 1927లో తెరిచారు. కొన్నేళ్లకే దాని పక్కన ఇళ్లు వరుస కట్టాయి. ఇలాంటి పెరుగుదలను అడ్డుకోవడానికి బ్రిటన్ 1935లో ఏకంగా చట్టమే చేసింది. మన దగ్గర 2002 నాటి జాతీయ రహదారుల (భూమి, ట్రాఫిక్) నియంత్రణ చట్టం ఉంది. రహదారి మీదికి ఎవరు దారి తీసుకోవాలన్నా అనుమతి కావాలి. చట్టం పుస్తకంలో ఉంది, పెట్రోలు బంకు రోడ్డు పక్కన ఉంది. బైపాస్‌కు రెండు వైపులా సర్వీసు రోడ్లు, ఊరి దారులు దాటేచోట అండర్‌పాస్‌లు మొదట్లోనే కట్టకపోతే, జనం డివైడరు పగలగొట్టి తమ దారి తామే చేసుకుంటారు. ఆ కన్నాల దగ్గరే ప్రమాదాలు ఎక్కువ.

భూమి

జాతీయ రహదారికి భూమి తీసుకోవడం 1956 జాతీయ రహదారుల చట్టం ప్రకారం జరుగుతుంది. 3ఏ ప్రకటనతో ఉద్దేశం తెలుపుతారు, అభ్యంతరాలు విన్నాక 3డీ ప్రకటనతో భూమి కేంద్రానిదవుతుంది, 3జీ కింద పరిహారం నిర్ణయిస్తారు. 3ఏకు, 3డీకి మధ్య ఏడాది దాటితే మొదటి ప్రకటన రద్దయినట్టే. 2013 భూసేకరణ చట్టంలోని పరిహారపు లెక్కలు 2015 నుంచి రహదారులకూ వర్తిస్తున్నాయి. మార్కెట్ విలువకు పల్లెల్లో రెండింతల దాకా గుణకం, దాని మీద నూరు శాతం అదనం. కాగితం మీద బాగుంది. రైతు ఫిర్యాదు సాధారణంగా డబ్బుతో ఆగదు. ఎకరం మధ్యగా 60 మీటర్ల కట్ట పోతే అటు మిగిలిన పాతిక సెంట్లకు నీళ్లు ఎలా పారాలి, ట్రాక్టరు ఎటు నుంచి దిగాలి? పంట కాలువలకు తూములు ఎక్కడ పెట్టాలన్నది గీత గీసే రోజునే రైతుల్ని అడగాలి.

అండమాన్‌లో భూమి సమస్య ఇంకో మెట్టు పైన ఉంటుంది. దీవుల విస్తీర్ణంలో 80 శాతానికి పైగా అడవి. సాగుకు, ఇళ్లకు మిగిలిన రెవెన్యూ భూమి లోయల్లో పీలికలుగా ఉంది. 1949 నుంచి తూర్పు పాకిస్తాన్ శరణార్థి కుటుంబాలను దక్షిణ అండమాన్ గ్రామాల్లో స్థిరపరిచినప్పుడు ఇచ్చింది ఆ లోయల్లోని వరి పొలాలే. భూమి హక్కులను 1966 నాటి దీవుల భూ రెవెన్యూ రెగ్యులేషన్ నడిపిస్తుంది. బైపాస్‌కు చదునైన దారి కావాలంటే ఆ వరి లోయే కనబడుతుంది. దాన్ని వదిలేస్తే అడవి, అడవి అంటే 1980 అటవీ సంరక్షణ చట్టం అనుమతి. తీరం వెంట పోదామంటే మడ అడవులు, దీవుల కోసం ప్రత్యేకంగా ఉన్న 2019 తీర నియంత్రణ నియమాలు. ఎటు గీసినా ఎవరో ఒకరి చివరి చెక్క మీదుగా పోవాలి.

ఖర్చు కూడా మెయిన్‌ల్యాండ్ లెక్క కాదు. సిమెంటు, ఉక్కు, తారు దాదాపు 1,200 కిలోమీటర్లు సముద్రం మీద రావాలి. ఏటా మూడు వేల మిల్లీమీటర్ల దాకా వాన, రెండు రుతుపవనాలూ తగులుతాయి కాబట్టి పని జరిగే నెలలు తక్కువ. ఒక రోడ్డు మీద పెట్టిన డబ్బుకు సమాజానికి ఏటా కనీసం 12 శాతం ప్రతిఫలం రావాలని మన ఆర్థిక మదింపుల్లో పట్టింపు. ప్రయాణికుల ఆదా సమయం, ఇంధనం, తగ్గిన ప్రమాదాలు అందులో లెక్క. రోజుకు కొన్ని కాన్వాయ్‌ల బండ్ల కోసం కొండవాలులో కట్టే బైపాస్ ఆ గీటురాయికి ఆగడం కష్టం.

నీటి మీద బైపాస్

ఈ దీవుల్లో అసలైన బైపాస్‌లు రోడ్లు కావు. మ్యాపు చూస్తే రాజధాని రేవుకు ఎదురుగా, నీళ్లకు అవతలే బ్యాంబూఫ్లాట్ కనిపిస్తుంది. రోడ్డు మీద పోవాలంటే అఖాతాన్ని చుట్టి, ఫెరార్‌గంజ్ మీదుగా విమ్‌బర్లీగంజ్ దాటి యాభై కిలోమీటర్ల దాకా తిరగాలి. చాథమ్ జెట్టీలో వాహనాల ఫెర్రీ ఎక్కితే పావుగంట. ఆ ఫెర్రీ ఎక్కిన ప్రతి జీపూ తుష్నాబాద్ దారిలో తగ్గిన ఒక జీపు. ఫెర్రీ ఆలస్యమైనా, మరమ్మతుకు పోయినా ఆ బండ్లన్నీ మళ్లీ ట్రంక్ రోడ్డు మీదికి వస్తాయి. చాథమ్, బ్యాంబూఫ్లాట్‌ల మధ్య వంతెన వేయాలన్న మాట చాలాకాలంగా ఉంది. నా ఉద్దేశంలో ట్రంక్ రోడ్డు ఊళ్ల రద్దీ గురించి జరిగే ఏ చర్చలోనైనా ఆ జెట్టీ టైంటేబులు మొదటి కాగితంగా ఉండాలి. రోడ్డు ఇంజినీరు, ఓడల శాఖ అధికారి ఒకే బల్ల దగ్గర కూర్చోకుండా ఇక్కడ ట్రాఫిక్ లెక్క పూర్తికాదు.

రెండో నీటి దారి వెనక కథ చాలా పెద్దది. ట్రంక్ రోడ్డు జారవాల అడవిని చీల్చుకుపోవడం మీద మొదటి నుంచీ వివాదమే. ఆదిమజాతుల రక్షణకు 1956లోనే రెగ్యులేషన్ ఉంది. జారవాల సంఖ్య 2011 జనాభా లెక్కల్లో 380. వాళ్ల రిజర్వు 1,028 చదరపు కిలోమీటర్లు. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక తర్వాత, 2002 మే 7న సుప్రీంకోర్టు రిజర్వు గుండా పోయే రోడ్డు భాగాన్ని మూసేయమంది. మూత పడలేదు. ఉత్తరాది ఊళ్లకు వేరే దారి లేదన్నది పాలనా యంత్రాంగం వాదన. బండ్ల కిటికీల నుంచి తిండి విసిరి జారవాలతో నాట్యం చేయించిన వీడియో 2012లో బయటికి వచ్చి ప్రపంచమంతా చూసింది. 2013 జనవరిలో సుప్రీంకోర్టు పర్యాటకుల రాకపోకలను కొన్ని వారాలు ఆపింది. పర్యాటకులు అడవి దారి తప్పించి నీళ్ల మీద బారాటాంగ్ చేరేలా 2017లో ప్రత్యామ్నాయ జలమార్గం మొదలైంది. అయినా కాన్వాయ్‌లో పర్యాటకుల బండ్లు కనబడుతూనే ఉన్నాయి.

బైపాస్ సూత్రం ప్రకారం చూస్తే ఇది సరిగ్గా అదే ప్రశ్న: ఆ అడవిలో పనిలేని వాహనం ఆ అడవిలోకి ఎందుకు పోవాలి? రంగత్ రోగికి, డిగ్లీపూర్ కూరగాయల లారీకి ఉన్న అవసరం వేరు, గుహలు చూసి సాయంత్రానికి తిరిగొచ్చే వ్యానుది వేరు. కొత్త దారి తెరిచినంత మాత్రాన పాత దారి ఖాళీ కాదు. పడవ రోడ్డుకంటే చవగ్గా, నమ్మకంగా, వేళకు ఉండాలి, లేదా పాత దారిలో ఆ రకం బండ్లను ఆపాలి. చిలకలూరిపేటలో బైపాస్ తెరిచాక లారీలను ఊళ్లోకి రానివ్వకుండా బోర్డు పెట్టడం లాంటిదే. అక్కడ కానిస్టేబుల్ చాలు, ఇక్కడ దానికి ఇరవై ఏళ్లకు పైగా రాజకీయ సంకల్పం కరువైంది.

దారి మళ్లాక ఊరు

బైపాస్ వస్తుందనగానే ముందు భయపడేది హోటళ్లవాళ్లు, టైరు పంక్చర్ షాపులవాళ్లు. దూరపు బండ్ల మీద బతికే వ్యాపారాలకు దెబ్బ నిజమే. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రపు సెలిగ్‌మన్ అనే చిన్న ఊరికి 1978లో అంతర్రాష్ట్ర రహదారి తప్పిపోయింది. వీధి ఒక్కరోజులో ఖాళీ అయింది. తర్వాత పాత రూట్ 66కు చారిత్రక రహదారి గుర్తింపు వచ్చాకే అక్కడికి సందర్శకులు తిరిగి వచ్చారు. అయితే చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చే సంత ఊళ్లకు అంత నష్టం ఉండదు. బట్టల కొట్టు, ఎరువుల దుకాణం, మందుల షాపు హైవే లారీల మీద ఆధారపడవు. రద్దీ తగ్గితే వాటికి బేరం పెరగవచ్చు కూడా.

తెలుగు జిల్లాల్లో ఎక్కువ వినిపించే ఫిర్యాదు బస్సు గురించి. దూరపు బస్సు బైపాస్ మీదుగానే వెళ్లిపోయి, ఊరి ప్రయాణికుణ్ణి జంక్షన్‌లో దించేస్తుంది. అర్ధరాత్రి పిల్లలతో, మూటలతో దిగినవాళ్లు అక్కడి నుంచి బస్టాండుకు ఆటో మాట్లాడుకోవాలి. రోడ్డు కట్టేవాళ్ల పత్రాల్లో ఆదా అయిన నిమిషాలు ఉంటాయి, ఈ ఆటో కిరాయి ఉండదు. బైపాస్ జంక్షన్లో దీపాలు, నీడ, బస్సు ఆగే చోటు వేయడం మొత్తం ఖర్చులో లెక్కకు కూడా రాదు.

కొత్త రోడ్డు కొత్త ప్రయాణాలను పుట్టిస్తుందన్నది ఇంకో సంగతి. బ్రిటన్ ప్రభుత్వ సలహా సంఘం సాక్ట్రా 1994లో ఈ విషయాన్ని గట్టిగా చెప్పాక, రోడ్లకు లాభనష్టాలు లెక్కించే పద్ధతే మారింది. రెండేళ్లకే న్యూబరీ బైపాస్ కోసం చెట్లు కొట్టేటప్పుడు జనం కొమ్మల మీద గుడిసెలు కట్టుకుని అడ్డుకున్నారు. 1998లో ఆ రోడ్డు తెరిచారు.

ట్రంక్ రోడ్డు మీద ఈ సూత్రం పరీక్షకు నిలిచేది మిడిల్ స్ట్రెయిట్ వంతెన మీద బండ్లు నడిచే రోజున. బార్జి పరిమితి పోతుంది. అప్పుడు గేటు ఒక్కటే మిగులుతుంది, గేటు వేళలు ఎన్ని, ఒక్కో కాన్వాయ్‌లో ఎన్ని బండ్లు అన్నది పూర్తిగా పాలకుల నిర్ణయం అవుతుంది. సరుకు లారీలు పెరిగితే ఆ భారం మొదట పడేది గేటుకు ఇవతల ఉన్న ఫెరార్‌గంజ్, తుష్నాబాద్, చౌల్దారీ ఊళ్ల మీదే. ఆ ఊళ్లలో వంతెనకు ముందు ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకసారి గంటవారీ గణన చేసి ఉంచితే, బైపాస్ కావాలో, బస్ బేలు చాలో, ఫెర్రీలు పెంచాలో వాదించడానికి చేతిలో అంకెలుంటాయి. గణనకు కావాల్సింది రెండు టెంట్లు, ఆరుగురు మనుషులు, ఒక వారం.